చారెడు అంటే ఎన్ని గ్రాములు: నా వంటింటి డైరీ

1వ రోజు

నిన్న సీమంతం అయింది. ఈ ఉదయం మా ఆవిడను వాళ్ళ అమ్మగారితో తెనాలి రైలెక్కించి కూకట్‌పల్లి ఇంటికి తిరిగి వచ్చాను. పురుడు పోసుకుని, బిడ్డకు మూడో నెల వచ్చాక తీసుకురావాలి. అంటే దాదాపు ఐదు నెలలు ఈ ఇంట్లో నేనొక్కడినే. నాకు అన్నం కుక్కర్లో పెట్టడం, టీ కాచడం తప్ప వంట రాదు.

అన్నం వండుకోగలిగినవాడు హైదరాబాదులో పస్తుండనక్కరలేదు. మా వీధి చివరనే కర్రీ పాయింటు ఉంది. కవరులో కట్టిన కూర ఏదైనా 35 రూపాయలు. మధ్యాహ్నానికి ఒక పప్పు, ఒక కూర, రాత్రికి మరో కూర అనుకుంటే రోజుకు 105, నెలకు 3,150 రూపాయలు. ఇంతకు ముందు ఆమె ఊరెళ్ళినప్పుడల్లా ఇదే చేశాను. వారం రోజులకు ఫరవాలేదు. ఐదు నెలలంటే అటు డబ్బూ ఇటు కడుపూ రెండూ తట్టుకోలేవు.

అసలు కారణం అది కూడా కాదు. ఆమె తిరిగి వచ్చేటప్పటికి బాలింత. మా అమ్మ నరసరావుపేటలో నాన్నను వదిలి ఎక్కువ రోజులు ఉండలేదు. అత్తయ్యకు తెనాలిలో పాడి ఉంది. చంటిబిడ్డను ఎత్తుకుని మా ఆవిడ పొయ్యి దగ్గర నిలబడటం నాకు ఇష్టం లేదు. ఆ రోజుకు నాకు వంట వచ్చి ఉండాలి. వచ్చీరాని వంట కాదు, రోజూ తినగలిగే వంట.

నియమాలు పెట్టుకున్నాను. కూరల ఖర్చు నెలకు 1,500 దాటకూడదు. బియ్యం, పాలు, పెరుగు, గ్యాస్ ఈ లెక్కలోకి రావు. మసాలా పొట్లాలు కొనను. చేసిన ప్రతి కూరా కొలతతో సహా ఈ నోటుపుస్తకంలో రాస్తాను. పారేసిన ప్రతిదీ కూడా తూచి రాస్తాను.

2వ రోజు

సరుకులు తెచ్చాను. కందిపప్పు కిలో 140, పెసరపప్పు అరకిలో 60, వేరుశనగ నూనె లీటరు 175, చింతపండు అరకిలో 90, కారం అరకిలో 150, పసుపు 30, పోపుల డబ్బా సామాను మొత్తం 220. కలిపి 865. ఇవి కాక గ్రాముల్లో తూచే చిన్న తూకం ఒకటి 350 పెట్టి కొన్నాను. అది పనిముట్టు కనుక విడిగా రాస్తున్నాను.

రాత్రి అమ్మకు ఫోన్ చేసి టమాటా పప్పు ఎలా చేయాలో అడిగాను. చెప్పింది చెప్పినట్లు రాసుకున్నాను: "కందిపప్పు చారెడు, టమాటాలు నాలుగు, చింతపండు కాస్త, పసుపు చిటికెడు, ఉప్పూ కారం సరిపడా." చారెడు అంటే ఎంతమ్మా అని అడిగితే "చారెడంటే చారెడే నాన్నా" అంది. ఆమెకు అంతకంటే కచ్చితమైన కొలత లేదు. నాకు అంతకంటే అయోమయమైన కొలత లేదు.

3వ రోజు

టమాటా పప్పు కుదరలేదు. పప్పు, టమాటాలు, చింతపండు, ఉప్పు అన్నీ ఒకేసారి కుక్కర్లో వేసి నాలుగు కూతలు రానిచ్చాను. మూత తీస్తే బద్దలు బద్దల్లాగే ఉన్నాయి. మళ్ళీ పెట్టి మరో నాలుగు కూతలు. టమాటాలు ఆనవాలు లేకుండా పోయాయి గాని పప్పు ఇంకా పలుకుగానే ఉంది. రాత్రి కర్రీ పాయింటుకు వెళ్ళాల్సి వచ్చింది. పారేసినది 310 గ్రాములు.

5వ రోజు

కారణం తెలుసుకోవాలని ఈ ఆదివారం పొద్దంతా దీని మీదే కూర్చున్నాను. మూడు చిన్న స్టీలు గిన్నెల్లో 40 గ్రాముల చొప్పున కందిపప్పు వేసి అరగంట నానబెట్టాను. మొదటి గిన్నెలో మా అపార్టుమెంటు బోరు నీళ్ళు. రెండో దానిలో రోజు విడిచి రోజు వచ్చే కుళాయి నీళ్ళు. మూడో దానిలో కుళాయి నీళ్ళే, కాని ఉసిరికాయంత చింతపండు వేశాను. మూడు గిన్నెలూ ఒకే కుక్కర్లో ఒకదాని మీద ఒకటి, నాలుగు కూతలు.

కుళాయి నీళ్ళ పప్పు వేలితో నొక్కితే వెన్నలా నలిగింది. బోరు నీళ్ళది పైన మెత్తబడి లోపల పలుకుంది. చింతపండు వేసినది నమలాల్సి వచ్చింది.

గింజలోని కణాలను ఒకదానికొకటి అంటించి ఉంచేది పెక్టిన్ అనే పదార్థం. అది నీళ్ళలో కరిగితేనే పప్పు మెత్తబడుతుంది. పులుపు దాన్ని కరగనివ్వదు. బోరు నీళ్ళలోని సున్నం, అంటే కాల్షియం, దాన్ని ఇంకా గట్టిపరుస్తుంది. మొన్న నేను ఈ రెండు తప్పులూ ఒకేసారి చేశాను. అమ్మకు ఈ సంగతి చెబితే "పులుపు ఎప్పుడూ పప్పు ఉడికాకే వేయాలి, అది చెప్పాలా?" అంది. చెప్పాలి. నలభై ఏళ్ళుగా చేస్తున్నవాళ్ళకు చెప్పాలని తోచని సంగతులే నేర్చుకునేవాడికి కావాలి. అందుకే ఇవన్నీ రాసుకుంటున్నాను.

రాత్రికి మళ్ళీ టమాటా పప్పు. కుళాయి నీళ్ళలో పప్పు ముందు ఉడికించి, టమాటాలు విడిగా మగ్గించి, చింతపండు రసం పోసి పోపు పెట్టాను. తిన్నాను, కుదిరింది. ఖర్చు లెక్క వేస్తే రెండు పూటలకు 24 రూపాయలు.

8వ రోజు

బెండకాయ వేపుడు. జిగురు జిగురుగా ముద్దయింది. కడిగిన వెంటనే తడితోనే కోశాను.

9వ రోజు

బెండకాయలు కడిగి, బట్టతో తుడిచి, గంటసేపు ఆరబెట్టి కోశాను. ఉప్పు చివర్లో వేశాను. మూత పెట్టలేదు. జిగురు పోయింది.

13వ రోజు

మొదటి నుంచీ నా కూరల్లో పచ్చివాసన ఒకటి వెంటాడుతోంది. కారం ఎక్కువ వేసినా, ధనియాల పొడి కలిపినా పోలేదు. ఈ రోజు ఉల్లిపాయల దగ్గర పట్టుకున్నాను.

సన్నగా తరిగిన ఉల్లిపాయలు 200 గ్రాములు, నూనె రెండు చెంచాలు. గడియారం పెట్టుకుని నిలబడ్డాను. నాలుగో నిమిషానికి అద్దంలా అయ్యాయి. ఇన్నాళ్ళూ ఇక్కడే ఆపి టమాటా వేసేస్తున్నాను. సన్నని సెగ మీద అలాగే ఉంచితే ఎనిమిదో నిమిషం దాకా బాణలి అడుగున తడి ఉడుకుతూనే ఉంది. పన్నెండో నిమిషానికి చప్పుడు మారింది. అంతదాకా బుడబుడమన్నది చిటచిటమనడం మొదలైంది. ఆ తరువాత రంగు గబగబా తిరిగింది. పద్ధెనిమిదో నిమిషానికి తేనె రంగు వచ్చాక దించి తూచాను. 200 గ్రాములు 71 గ్రాములయ్యాయి.

ఉల్లిపాయలో చాలా మటుకు నీరే. ఆ నీరు ఇగిరిపోయేదాకా బాణలిలో వేడి 100 డిగ్రీలను పెద్దగా దాటదు. దాటితేనే ఎరుపు, ఆ కమ్మని వాసన మొదలవుతాయి. చప్పుడు మారడమే దానికి గుర్తు. ఇంటి నిండా చుట్టాలున్నప్పుడు కూడా అమ్మ వంటింటి వైపు ఒక చెవి వేసి ఉంచేది. కూర్చున్న చోటి నుంచే "సెగ తగ్గించు" అని చెప్పేది. దేన్ని వినేదో ఇన్నేళ్ళకు తెలిసింది.

తరువాత టమాటా గుజ్జు వేసి, అంచుల వెంట నూనె తేలేదాకా వేగనిచ్చాను. రెండు కోడిగుడ్లు ఉడికించి వేసిన ఆ కూరలో పచ్చివాసన లేదు. అదే కారం, అదే ధనియాల పొడి. కొత్తగా నేను కలిపింది పదిహేను నిమిషాలు మాత్రమే. ఫోన్‌లో ఫొటో పంపితే మా ఆవిడ "రంగు వచ్చింది" అని రాసింది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నాకిచ్చిన మెప్పుల్లో దీన్ని దాచుకుంటాను.

19వ రోజు

నూనె లెక్క. పావుకిలో దొండకాయలు రెండు విధాలుగా వేయించి చూశాను. మొదట 60 మిల్లీలీటర్ల నూనెలో. రెండోసారి ముక్కలను ముందు మూత పెట్టి, చెంచాడు నీళ్ళు చిలకరించి, సన్నని సెగ మీద ఏడు నిమిషాలు మగ్గనిచ్చి, తడి పూర్తిగా ఆరాక 20 మిల్లీలీటర్ల నూనె వేసి వేయించాను. మొదటిదానికి నూనె ఖర్చు 10 రూపాయల 50 పైసలు. రెండోదానికి మూడున్నర. కరకర మొదటిదానిలోనే ఎక్కువ, అది ఒప్పుకోవాలి. కాని రెండోది తిన్నాక కంచానికి నూనె అంటలేదు, దొండకాయ రుచి దొండకాయగా తెలిసింది. రోజువారీకి రెండో పద్ధతి. పండగకు మొదటిది.

26వ రోజు

కూరగాయలు ఇంతవరకు ఇంటి కింద బండి మీద కొంటున్నాను. ఈ రోజు మొదటిసారి రైతు బజారుకు వెళ్ళాను. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో మొదలైన ఈ బజార్ల గురించి చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాను గాని సంచి పట్టుకుని వెళ్ళింది లేదు. లోపలికి వెళ్ళగానే బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. బేరం ఆడటం రాని నాలాంటివాడికి ఆ బోర్డు పెద్ద ధైర్యం. బండి మీద కిలో 60కి కొంటున్న బీరకాయలు అక్కడ 42.

ఒక పెద్దావిడ తోటకూర కట్టలు అమ్ముతోంది. ఐదు కట్టలు తీసుకోబోతే "ఇంట్లో ఎంతమంది బాబూ?" అని అడిగింది. ఒక్కడినే అన్నాను. "రెండు చాలు, మిగతావి ఎల్లుండికి వాడిపోతాయి" అంది. అమ్ముకునే మనిషి తక్కువ తీసుకోమని చెప్పింది. ఆమె ఆకుకూరలమ్మే మూల ఇప్పుడు నేను బజారుకు వెళ్ళగానే మొదట చూసే చోటు.

ఆమె మాట పట్టుకుని వారానికి వరుస వేసుకున్నాను. బజారు నుంచి తెచ్చిన రోజూ మర్నాడూ ఆకుకూరలు. ఆ తరువాత వంకాయ, బెండ. వారం మధ్యలో బీర, దొండ. చివరి రెండు రోజులకు దుంపలు, దోసకాయ, గుమ్మడి ముక్క. ముందు వాడేది ముందు, నిలవుండేది వెనక. ఇంత చిన్న సంగతికి మొదటి మూడు వారాల్లో నేను చెల్లించిన మూల్యం ఈ కింద ఉంది.

30వ రోజు: మొదటి నెల లెక్క

సరుకులు 865. కూరగాయలు 760. కోడిగుడ్లు పన్నెండు, 84. వంట చెడిపోయి కర్రీ పాయింటుకు వెళ్ళింది ఆరుసార్లు, 210. మొత్తం 1,919 రూపాయలు.

గీత దాటింది. 3,150తో పోలిస్తే తక్కువే, కాని అనుకున్నది 1,500. ఎక్కడ పోయిందా అని పారేసినవాటి పద్దు కూడి చూశాను. కుళ్ళిన కూరగాయలు, మాడినవి, తినలేక పారబోసినవి అన్నీ కలిపి 3 కిలోల 400 గ్రాములు. వాటి విలువ, ఆ ఆరు పొట్లాలు తీసేస్తే నేను 1,500కు దగ్గరలోనే ఉన్నాను. చవకైన కూరగాయలు వెతకడం కంటే తెచ్చినవి పారేయకుండా ఉండటం ముందు నేర్చుకోవాలి.

41వ రోజు

గుత్తి వంకాయ. దీనికి ఇన్ని రోజులు ధైర్యం చాలలేదు.

లేత వంకాయలు 350 గ్రాములు. నాలుగు పక్షాలుగా, తొడిమ దగ్గర విడిపోకుండా కోసి ఉప్పు నీళ్ళలో వేశాను. లేకపోతే కోసిన చోట నల్లబడతాయి. కూరడానికి వేరుశనగ గుళ్ళు 40 గ్రాములు, ధనియాలు రెండు చెంచాలు, నువ్వులు 15 గ్రాములు, ఎండు కొబ్బరి చిన్న ముక్క, ఎండు మిరపకాయలు ఆరు. మొదటిసారి అన్నీ ఒకేసారి బాణలిలో వేశాను. నువ్వులు మాడి చేదయ్యాయి, గుళ్ళు పచ్చిగానే ఉన్నాయి. ఆ పొడి మొత్తం పోయింది. 18 రూపాయలు. రెండోసారి గుళ్ళు విడిగా, తరువాత ధనియాలూ మిరపకాయలూ, కొబ్బరి, చివర పొయ్యి కట్టేసి ఆ వేడి మీదే నువ్వులు. ఒక్కో గింజకు ఒక్కో సహనం ఉంది. వాటి వంతు వచ్చేదాకా ఆగాలి.

కూరి, నూనెలో తిప్పి, మూత పెట్టి పావుగంట మగ్గించాక మిగిలిన ముద్దను చింతపండు రసంలో కలిపి పోశాను. మంట తగ్గించి నూనె పైకి తేలేదాకా అక్కడే నిలబడ్డాను. తొడిమ పట్టుకుని ఎత్తితే కాయ విడిపోకుండా వచ్చింది. పక్కింటి వాళ్ళకు గిన్నెలో పెట్టి ఇచ్చాను. గిన్నె తిరిగి వచ్చినప్పుడు అందులో పాయసం ఉంది.

ఖర్చు 62 రూపాయలు, చెడిన పొడి కాకుండా. మూడు పూటలకు వచ్చింది. ఖరీదైన కూర అనుకునేవాడిని.

48వ రోజు

బీరకాయ చెక్కు పారేయడం మానేశాను. లేత కాయైతే చెక్కును కొద్ది నూనెలో పచ్చిమిర్చితో వేయించి, చింతపండు, జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలు వేసి నూరితే పచ్చడి. తోటకూర కాడలు పులుసులోకి. సొరకాయ చెక్కు కూడా పచ్చడికే. కాయ రుచి మాత్రం ముందు చూసుకోవాలి. పోయిన వారం దోసకాయ ఒకటి చేదుగా ఉంటే రుచి చూడకుండా పప్పులో వేశాను, పప్పంతా పోయింది. దోస, సొర, బీర జాతి కాయల్లో అప్పుడప్పుడు ఇలా చేదు పుడుతుంది. వండినా పోదు, తింటే వాంతులూ విరేచనాలూ అవుతాయి. ఇప్పుడు ప్రతి కాయా చిన్న ముక్క కొరికి చూసి, చేదుంటే మొత్తం పారేస్తున్నాను. పారేసిన పద్దులో ఆ కాయ కనిపిస్తే నాకు బాధ లేదు.

60వ రోజు

రెండో నెల 1,480. పారేసింది 1 కిలో 100 గ్రాములు. కర్రీ పాయింటుకు ఒక్కసారి, అదీ జ్వరం వచ్చి. గీత లోపలికి వచ్చాను.

64వ రోజు

అమ్మ వచ్చింది. నాలుగు రోజులుంటుంది. కాళ్ళు కడుక్కున్న వెంటనే వంటింట్లోకి వెళ్ళి పోపుల డబ్బా తెరిచి చూసింది. "మెంతులు ఎక్కువ కొన్నావు" అంది. తరువాత నా నోటుపుస్తకం తిరగేసింది. ఆమెకు కళ్ళజోడు లేక చదవలేకపోతే నేనే చదివి వినిపించాను. మూడు గిన్నెల పప్పు సంగతి రెండుసార్లు చదివించుకుంది.

65వ రోజు

ఈ ఐదు నెలల్లో ఇంతవరకు ఇదే మంచి రోజు.

ఫోన్‌లో తేలని లెక్కను చేత్తోనే తేల్చుకుందామని తూకం ముందు పెట్టి అమ్మను కందిపప్పు చారెడు తీయమన్నాను. తీసింది. 43 గ్రాములు. మళ్ళీ తీయమన్నాను. 44. మళ్ళీ. 42. నేను తీశాను: 61, 52, 66. నా చెయ్యి పెద్దది, అది ఒక తేడా. అసలు తేడా నా మూడు అంకెలు మూడు రకాలుగా ఉండటం. ఆమె చెయ్యి తూకంతో పోటీ పడుతోంది.

చిటికెడు పసుపును ఈ తూకం పట్టుకోలేదు, అంకె కదలలేదు. పది చిటికెలు వేయించి పదితో భాగించాను: పదికి 4 గ్రాములు. గుప్పెడు కరివేపాకు 6 గ్రాములు. చెంచాడు రాళ్ళ ఉప్పు, మెత్తటి ఉప్పు వేరువేరుగా తూచాం. ఆమెకు ఉత్సాహం వచ్చింది. మా అమ్మమ్మ ఇంట్లో ఇత్తడి గిద్దె, సోల ఉండేవని, నాలుగు గిద్దెలైతే ఒక సోల అని, నూనె వాటితోనే కొలిచేవారని చెప్పింది. "ఎందుకు నాన్నా ఇంత పరీక్ష?" అని అడిగింది చివరికి. నీ చెయ్యి రాసి పెట్టుకుంటున్నానమ్మా అన్నాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత "అయితే సాయంత్రం పులుసు పెట్టేటప్పుడు కూడా తూచుకో" అంది.

సాయంత్రం తోటకూర పులుసుకు ఆమె తీసిన చింతపండు 22 గ్రాములు. నిమ్మకాయంత అంటే 22 అని పుస్తకంలో ఎర్ర సిరాతో రాసుకున్నాను.

66వ రోజు

ఈ రోజు అమ్మ టమాటా పప్పుకు తీసిన చింతపండు 9 గ్రాములు. మధ్యాహ్నం వంకాయ పులుసుకు 16. నిన్న 22 కదా అని అడిగాను. పప్పుకు వేసిన టమాటాలు నాటువి, పుల్లగా ఉన్నాయట. వంకాయ పులుసులో బెల్లం వేయడం లేదు కనుక తగ్గించిందట. "నీ చింతపండు కొత్తది, దానికి పులుపెక్కువ. పాతదైతే ఇంకొంచెం తీసేదాన్ని."

పప్పు మాత్రం ఈ రోజు కూడా 43.

నేను ఇన్నాళ్ళూ సరిపడా అన్నదీ చారెడు అన్నదీ ఒకే రకమైన మాటలనుకున్నాను. కావు. మనిషి ఆకలి రోజురోజుకూ పెద్దగా మారదు, కనుక పప్పు చారెడు, అది స్థిరం. పులుపు, ఉప్పు, కారం సరుకును బట్టి మారతాయి, కనుక సరిపడా. ఏది కదలకూడదో, ఏది కదలాలో ఆ మాటల్లోనే ఉంది. ఎర్ర సిరా అంకెను కొట్టేసి పక్కన "రసం నాలుక మీద వేసుకుని చూడాలి" అని రాశాను. పప్పులు, నూనె, నీళ్ళు తూకంతో. చింతపండు, ఉప్పు, కారం నాలుకతో. పుస్తకం మొత్తం ఈ రెండు వరుసల్లోకి తిరగరాశాను, రాత్రి పన్నెండయింది.

68వ రోజు

అమ్మ వెళ్ళింది. బస్సు కదిలే ముందు "చెయ్యి చాలా ఇంప్రూవ్ అయింది" అని పక్క సీటావిడకు చెప్పడం కిటికీలోంచి వినిపించింది.

77వ రోజు

అమ్మాయి పుట్టింది. 2 కిలోల 900 గ్రాములు. తల్లీ బిడ్డా క్షేమం.

86వ రోజు, తెనాలి

తొమ్మిది రోజులుగా ఇక్కడే ఉన్నాను. అత్తయ్య వంటింట్లో పీట వేసుకుని కూర్చుని బాలింత పథ్యం నేర్చుకుంటున్నాను. ఎండుకారం బదులు మిరియాలు. పోపులో వెల్లుల్లి ఎక్కువ, నెయ్యి ధారాళంగా. కందిపప్పు కంటే పెసరపప్పు. బీరకాయ, సొరకాయ, మెంతికూర. మొదటి ముద్దలోకి శొంఠి పొడి. పులుపు బాగా తక్కువ.

ఒక్క విషయంలో అత్తయ్యతో నాకు మాట తేడా వచ్చింది. బాలింత నీళ్ళు ఎక్కువ తాగకూడదని, ఆకుకూరలు కొన్ని పెట్టకూడదని ఆమె పట్టు. పరీక్షకు వెళ్ళినప్పుడు వైద్యురాలిని ఆమె ముందే అడిగాను. పాలిచ్చే తల్లికి నీళ్ళు ఎక్కువే కావాలని, ఆకుకూరలు, పప్పులు, గుడ్డు అన్నీ పెట్టమని చెప్పారు. అత్తయ్య ఇంటికి వచ్చి ఏమీ అనలేదు. సాయంత్రం పాలకూర పెసరపప్పు చేసింది. నేను ఆ పప్పు కొలత రాసుకున్నాను.

103వ రోజు

మళ్ళీ కూకట్‌పల్లి. ఇప్పటి నుంచి నా వంట కూడా పథ్యమే. ఆమెకు వండబోయేది ముందు నేను తిని చూడాలి.

కారం తగ్గిస్తే చాలనుకున్నాను. అలా కుదరదు. కారం తీసేసిన కూరలో ఉప్పు ముందుకు వచ్చింది, పులుపు పళ్ళకు తగిలింది. మూడూ కలిపి తగ్గించాలి. తగ్గించాక చప్పదనం రాకుండా కాపాడేవి పోపు, వెల్లుల్లి, బాగా వేగిన ఉల్లి. పదమూడో రోజు నేర్చుకున్న ఆ పద్ధెనిమిది నిమిషాలు ఇక్కడ అక్కరకు వచ్చాయి. సొరకాయ పెసరపప్పులో కారమే లేదు. ఉల్లి తేనె రంగు దాకా వేయించి, నాలుగు వెల్లుల్లి రెబ్బలు చితక్కొట్టి నేతిలో పోపు పెట్టాను. కారం లేదని గుర్తు రాలేదు.

ఉప్పు కూడా తూచాను. సోమవారం ఉదయం డబ్బా తూచి, వచ్చే సోమవారం మళ్ళీ తూచడం. మొదటి నెలలో వారానికి 98 గ్రాములు వాడినట్లు పుస్తకంలో ఉంది, అంటే రోజుకు 14. మన తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ రోజుకు 5 గ్రాములు దాటవద్దంటుంది. ఈ వారం 42, రోజుకు 6. ఆవకాయ వేసుకున్న రోజు లెక్క పెరుగుతుంది. అందుకని ఆవకాయ ఆదివారానికి.

120వ రోజు

మూడో నెలలో దాదాపు సగం రోజులు తెనాలిలోనే ఉన్నాను కనుక దాన్ని లెక్కలో వేయను. నాలుగో నెల 1,290. నెయ్యి కలిపితే 1,510. బాలింతకు నెయ్యి తగ్గించను, కనుక ఇక మీదట గీతను 1,800కు జరుపుతున్నాను. పారేసింది 240 గ్రాములు, అందులో 180 ఒక్క చేదు సొరకాయ.

131వ రోజు

మెంతికూర పెసరపప్పు. మెంతి ముందుగా నూనెలో పసరు వాసన పోయేదాకా వేయిస్తే చేదు తగ్గింది. పప్పుతో పాటు ఉడికిస్తే పప్పంతా చేదెక్కింది.

138వ రోజు

గోంగూర పప్పు నాకోసం. ఎర్ర కాడల గోంగూరకు పులుపెక్కువ, చింతపండు అక్కరలేదు. రెండు కట్టలు, 15 రూపాయలు. ఆమెకు ఇప్పుడప్పుడే పెట్టను. ఆమెకు ఎంతో ఇష్టమైన కూర కనుక చెయ్యి పాడుకాకుండా సాధన చేస్తున్నాను.

149వ రోజు

మధ్యాహ్నం రైలుకు వచ్చారు. అమ్మాయి స్టేషను నుంచి ఇంటి దాకా నిద్రపోయింది. తెల్లవారుజామున లేచి బీరకాయ పెసరపప్పు, క్యారెట్ వేపుడు, మిరియాల చారు చేసి పెట్టాను. పెసరపప్పు 80 గ్రాములు తూచి తీశాను. తరువాత ఊరికే చేత్తో తీసి చూశాను, ఇద్దరికి రెండు చారెళ్ళు: 43, 44 వచ్చింది. నా చెయ్యి కాస్త ముడిచి పడితే అమ్మ చారెడు అవుతుంది.

ఆమె పీట మీద కూర్చుని మొదటి ముద్ద తిని కాసేపు ఆగింది. "ఉప్పు కొంచెం తక్కువైంది" అంది. ఆ తరువాత రెండోసారి పప్పు వడ్డించుకుంది. చారు గిన్నె ఖాళీ అయింది.

ఈ పూట ఖర్చు: బీరకాయ 20, పెసరపప్పు 10, క్యారెట్ 14, నెయ్యి, పోపు, మిరియాలు 15. మొత్తం 59, ఇద్దరికి. పారేసింది ఏమీ లేదు. చెక్కు పచ్చడికి తీసి ఫ్రిజ్‌లో పెట్టాను.

రేపు కుళాయి నీళ్ళు వచ్చే రోజు, రెండు బిందెలు ఎక్కువ పట్టాలి. ఎల్లుండి రైతు బజారు: సొరకాయ లేతది ఒకటి, మెంతికూర రెండు కట్టలు, వెల్లుల్లి పావుకిలో.